కొత్తగూడెం బొగ్గు, భద్రాచలం బీడీ ఆకు: ఏ వనరు తిరిగొస్తుంది, ఏది రాదు, ఆ డబ్బు ఎవరికి చేరాలి?

కొత్తగూడెం నుంచి భద్రాచలానికి నలభై కిలోమీటర్ల దారి. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, బడి పుస్తకంలో 'సహజ వనరులు' అని చదువుకున్న పాఠమంతా ఒక్క గంటలో కళ్ల ముందు నుంచి వెళ్లిపోతుంది. బొగ్గు లారీలు, పాల్వంచలో థర్మల్ కేంద్రం చిమ్నీలు, కిన్నెరసాని అడవి, సారపాకలో పేపర్ మిల్లు ముందు జామాయిల్ కర్ర లోడుతో వరుసలో నిలబడ్డ ట్రాక్టర్లు, వంతెన కింద గోదావరి, ఒడ్డున ఇసుక. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఊళ్ల పక్కన కల్లాల్లో ఆరబోసిన బీడీ ఆకు కట్టలు కూడా.

పరీక్షలో అడిగితే వీటిని రెండు వరుసల్లో రాసేస్తాం. పునరుత్పాదక వనరులు: నీరు, అడవి, ఎండ, గాలి. పునరుత్పాదకం కానివి: బొగ్గు, చమురు, ఖనిజాలు. అయితే ఇక్కడి ఊళ్లలో ఈ తేడా పుస్తకంతో ఆగిపోదు. ఆకు మీద హక్కు ఒక చట్టం కిందకు వస్తుంది, బొగ్గు మీద వచ్చే డబ్బు మరో చట్టం కిందకు. ఇసుకకు అడగాల్సిన ఆఫీసు ఒకటి, పోడు భూమికి ఇంకొకటి. ఏ వనరు ఏ కోవలోకి వస్తుందో తెలియకపోతే ఎవరిని అడగాలో కూడా తెలియదు.

తిరిగొచ్చేది అంటే ఏమిటి?

మనం వాడుకునే వేగం కన్నా ఎక్కువ వేగంగా, లేదా కనీసం అదే వేగంతో ప్రకృతి మళ్లీ ఇవ్వగలిగితే అది పునరుత్పాదక వనరు. నిర్వచనంలో అసలు మాట 'వేగం'. బొగ్గు కూడా ఒకప్పటి చెట్లే. అది తయారవడానికి సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్లు పట్టింది కాబట్టి మన లెక్కలో అది తిరిగి రాదు. తునికి మొక్క కొమ్మ కొడితే నెలన్నరలో లేత ఆకు వేస్తుంది. జామాయిల్ నాలుగైదేళ్లలో కోతకు వస్తుంది. టేకు కలపకు పదుల ఏళ్లు కావాలి.

అంటే ఇవి రెండు గదులు కావు, ఒక పొడవాటి మెట్ల వరుస. ఒక చివర ఎండ ఉంటుంది, మనం ఎంత వాడినా అది తగ్గదు. మరో చివర బొగ్గు. మధ్యలో ఉన్న అడవి, నేల, నీరు, ఇసుకలను ఎలా వాడామన్నదాన్ని బట్టి అవి ఎటైనా జరుగుతాయి. ఈ ప్రాంతంలో వచ్చే తగాదాల్లో చాలావరకు ఈ మధ్య మెట్ల మీదే.

బొగ్గు గోదావరి వెంటే ఎందుకుంది?

ఖమ్మం పట్టణం చుట్టూ గ్రానైట్ గుట్టలు ఉన్నాయి, బొగ్గు లేదు. యాభై, అరవై కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్తే ఇల్లెందులో బొగ్గు ఉంది. కారణం నేల చరిత్ర.

ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా కలిసి ఒకే భూఖండంగా ఉన్న కాలంలో, ఇప్పటి ప్రాణహిత, గోదావరి నదులు పారే దారిలో భూమి పొడవుగా పగిలి కిందకు కుంగింది. ఆ కుంగిన లోయలో చిత్తడి అడవులు పెరిగాయి. చెట్లు పడి, వాటి మీద మట్టి, ఇసుక పేరుకుపోయి, లోతున వేడికి, ఒత్తిడికి బొగ్గుగా మారాయి. లోయ బయట ఉన్న గట్టి పాత రాయిలో ఈ అవకాశమే లేదు. అందుకే ఆసిఫాబాద్ వైపు నుంచి మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం, సత్తుపల్లి దాకా బొగ్గు ఒక పట్టీలా సాగుతుంది. దక్షిణాదిలో నైవేలి లిగ్నైట్‌ను పక్కన పెడితే చెప్పుకోదగ్గ బొగ్గు క్షేత్రం ఇదొక్కటే. జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ బొగ్గు కూడా ఇలాంటి పాత లోయల్లోనే దొరుకుతుంది.

ప్రపంచంలోనూ పంపకం ఇలాగే ఎగుడుదిగుడుగా ఉంటుంది. బొగ్గు నిల్వల్లో సుమారు మూడొంతులు అమెరికా, రష్యా, ఆస్ట్రేలియా, చైనా, ఇండియా అనే ఐదు దేశాల దగ్గరే ఉన్నాయి. సెల్‌ఫోన్ బ్యాటరీల్లో వాడే కోబాల్ట్‌లో ఎక్కువ భాగం కాంగో నుంచి వస్తుంది. అడవుల్లో సగానికి పైగా రష్యా, బ్రెజిల్, కెనడా, అమెరికా, చైనాల్లో ఉన్నాయి. భూమి ఎవరికీ సమంగా పంచలేదు. పంచుకోవడమన్నది ఆ తర్వాత మనుషులు చేసుకున్న ఏర్పాటు.

ఇక్కడ ఆ ఏర్పాటు 1871లో మొదలైంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర సింగరేణి గ్రామం వద్ద బొగ్గును గుర్తించారు. 1886లో ఇంగ్లండ్‌లో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఏటా అదే తేదీన సింగరేణి దినోత్సవం జరుపుకోవడానికి కారణం ఇదే. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటా కొనడంతో అది ప్రభుత్వ చేతికి వచ్చింది. ఇప్పుడు తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. ఈ అడవిలోకి రైలు వచ్చింది కూడా బొగ్గు కోసమే. అందుకే 'భద్రాచలం రోడ్' అన్న రైల్వే స్టేషన్ భద్రాచలంలో ఉండదు, కొత్తగూడెంలో ఉంటుంది. తెలియక టికెట్ కొని, రాములవారి గుడి స్టేషన్ ఎదురుగానే ఉంటుందనుకుని దిగే భక్తులు ఇప్పటికీ ఉంటారు.

నేలలో ఉన్నదంతా నిల్వ కాదు

2023-24లో సింగరేణి 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. భూగర్భ సర్వేల ప్రకారం తెలంగాణ బొగ్గు వనరులు 2 వేల కోట్ల టన్నులకు పైనే. భాగించి చూస్తే మూడు వందల ఏళ్లకు సరిపోతుంది అనిపిస్తుంది. ఈ లెక్క తప్పుదారి పట్టిస్తుంది.

నేలలో ఉందని తేలినదంతా 'వనరు'. అందులో ఈనాటి సాంకేతికతతో, ఈనాటి ధరకు, చట్టం ఒప్పుకుంటే తీయగలిగినది మాత్రమే 'నిల్వ'. బొగ్గు చాలా లోతులో ఉండొచ్చు, నది కింద ఉండొచ్చు, ఊరి కింద ఉండొచ్చు, అభయారణ్యం కింద ఉండొచ్చు. ఒకప్పుడు భూగర్భ గనుల్లో స్తంభాల్లా వదిలేసిన బొగ్గు ఎంతో ఉంది. దాన్ని తీయడానికి అదే చోట ఓపెన్‌కాస్ట్ తవ్వుతున్న సందర్భాలూ ఉన్నాయి.

బయ్యారం ఇనుము కథ కూడా ఇదే. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 13వ షెడ్యూల్, ఖమ్మం జిల్లాలో స్టీల్ ప్లాంటు సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించాలని సెయిల్‌కు చెప్పింది. బయ్యారం ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అక్కడ ఇనుప రాయి ఉన్న మాట నిజం. అందులో ఇనుము శాతం తక్కువ, ప్లాంటు గిట్టుబాటు కాదు అన్నది కేంద్రం వైపు నుంచి వస్తున్న జవాబు. అడవి దాటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లాకు వెళ్తే అరవై శాతానికి పైగా ఇనుమున్న రాయి దొరుకుతుంది. అక్కడ ఎన్‌ఎండీసీ 1968 నుంచి తవ్వుతోంది. 'రాయి ఉంది కదా, ప్లాంటు ఎందుకు రాదు' అన్న ప్రశ్నకు భూగర్భ శాస్త్రం దగ్గర సగం జవాబే ఉంది. మిగతా సగం రవాణా, ధర, రాజకీయం.

మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కొత్తగూడెం పక్కన గరీబ్‌పేట గుట్ట ఎర్రటి గార్నెట్ రాళ్లకు ప్రసిద్ధి. తమిళ తీరంలోని అరికమేడు నుంచి సముద్రం దాటి ఆగ్నేయాసియా దాకా తవ్వకాల్లో దొరికిన పురాతన పూసల రాయి, ఈ గుట్ట రాయితో సరిపోతోందని పరిశోధకులు చూపించారు. బొగ్గు కన్నా ఎన్నో వందల ఏళ్ల ముందే ఇక్కడి ఖనిజం విదేశాలకు వెళ్లిందన్నమాట.

బీడీ ఆకు: ఏటా వస్తుంది, నెల రోజులే ఉంటుంది

తిరిగొచ్చే వనరుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇక్కడ లేదు. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదల కొమ్మలు కొడతారు. నలభై రోజులు దాటేసరికి లేత ఆకు వస్తుంది. ఏప్రిల్ నుంచి తొలి వానల దాకా, తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవిలోకి వెళ్లి ఆకు కోసుకొస్తారు. ఇంటి దగ్గర 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లానికి తెస్తారు. కల్లేదారు లెక్క రాసుకుంటాడు. వెయ్యి కట్టలు, అంటే 50 వేల ఆకులు కలిస్తే ఒక స్టాండర్డ్ బ్యాగు. వాన పడితే ఆకు మచ్చలు పడుతుంది, కొనుగోలు ఆగిపోతుంది. ఏడాదిలో చేతికి నగదు వచ్చే కాలం ఇదే అయిన కుటుంబాలు ఈ ప్రాంతంలో వేలల్లో ఉన్నాయి.

ఆకు వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1971లో చేసిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం దీనికి మూలం. అటవీ శాఖ అడవిని యూనిట్లుగా విభజించి కాంట్రాక్టర్లకు టెండర్ ఇస్తుంది. కోసినవారికి కట్టకు ఇంత అని కూలి, ఆ తర్వాత శాఖకు వచ్చిన నికర ఆదాయం నుంచి బోనస్. ఈ రెండూ వేర్వేరు చెల్లింపులు. కూలి ముట్టింది కాబట్టి అంతా అయిపోయిందని అనుకుని, బోనస్ జాబితాలో పేరుందో లేదో చూసుకోనివాళ్లు చాలామంది. పేరు, బ్యాంకు ఖాతా నంబరు కల్లం రికార్డులో సరిగా పడ్డాయో లేదో సీజన్‌లోనే చూసుకోవాలి. ఏళ్లు గడిచి బోనస్ వచ్చే నాటికి కల్లేదారు మారిపోయి ఉంటాడు.

సరిహద్దు ఊళ్లలో ఇంకో ప్రశ్న వినిపిస్తుంది. చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్. ఆకుకు సరిహద్దు తెలియదు, ధరకు తెలుసు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 నుంచి స్టాండర్డ్ బ్యాగుకు 5,500 రూపాయలు ఇస్తోంది. అంటే కట్టకు ఐదున్నర. ఒకే అడవి, ఒకే ఆకు అయినా ఏ రాష్ట్రం కల్లంలో పెట్టావన్నదాన్ని బట్టి కూలి మారుతుంది.

అసలు ధర నిర్ణయించేది ఎవరు? 2006 అటవీ హక్కుల చట్టం బీడీ ఆకునూ, వెదురునూ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో చేర్చింది. సంప్రదాయంగా సేకరిస్తున్నవారికి వాటిపై యాజమాన్య హక్కు, అమ్ముకునే హక్కు ఇచ్చింది. 1996 పెసా చట్టం కూడా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ హక్కును గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలని చెబుతుంది. కాగితం మీద హక్కు ఊరిది, టెండర్ మాత్రం శాఖది. ఈ రెండూ ఒకే చోట ఎలా నిలుస్తాయి అన్నది గిరిజన సంఘాలు ఏళ్లుగా అడుగుతున్న మాట. వేరే దారి ఉందని పొరుగు రాష్ట్రం చూపించింది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖా గ్రామసభ 2011లో వెదురు రవాణా పాసులు తానే ఇచ్చుకునే అధికారం సాధించింది. ఆ జిల్లాలోనే చాలా గ్రామసభలు బీడీ ఆకును నేరుగా టెండర్ పెట్టి అమ్ముతున్నాయి. గడ్చిరోలి ఎక్కడో లేదు, మన ప్రాణహితకు అవతలి ఒడ్డే.

తిరిగొచ్చేదాన్ని రాకుండా చేయడం ఎలా?

తపసి చెట్టును చూస్తే తెలుస్తుంది. తెల్లటి బెరడుతో, ఎండిన గుట్టల మీద పెరిగే చెట్టు ఇది. దాని జిగురు మందుల తయారీలో, ఆహార పరిశ్రమలో వాడతారు, విదేశాలకు వెళ్తుంది. మంచి ధర పలికే సరుకు. ఎక్కువ జిగురు కోసం గొడ్డలితో లోతుగా గాటు పెడితే ఆ ఏడాది బాగానే వస్తుంది, కొన్నేళ్లకు చెట్టు చస్తుంది. పైపైన చిన్న గాటు పెట్టి, మధ్యలో విశ్రాంతి ఇస్తే అదే చెట్టు ఏళ్ల తరబడి ఇస్తుంది. చెట్టు అదే, చేతిలో పనిముట్టు మారింది. ఇప్ప చెట్టు కింద పువ్వు ఏరుకోవడానికి వీలుగా ఆకులకు నిప్పు పెట్టే అలవాటుదీ ఇదే తీరు. పువ్వు ఏటా వస్తుంది, కాలిపోయిన ఇప్ప మొలకలు మాత్రం రావు.

అడవి మీద ఒత్తిడి తగ్గించిన ఉదాహరణ కూడా ఈ దారిలోనే ఉంది. సారపాక కాగితం మిల్లుకు ఇప్పుడు కర్ర ఎక్కువగా రైతుల పొలాల నుంచి వస్తుంది. త్వరగా పెరిగే జామాయిల్ రకాలకు దేశమంతా 'భద్రాచలం క్లోన్లు' అనే పేరుంది. అయితే పొలం జామాయిల్‌కు వెళ్తే ఆ నాలుగేళ్లు అందులో తిండి గింజ పండదు. తిరిగొచ్చే వనరు కూడా చోటు అడుగుతుంది.

పోడు సంగతి వేరే వ్యాసానికి సరిపోయేంత ఉంది. ఇక్కడ ఒక్క మాట. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చింది. అందులో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉండాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ కుటుంబాలకు ఇక్కడ ఎస్టీ గుర్తింపు లేదు, పట్టా దారీ లేదు. చాలా గూడేల్లో తాగేందుకు చెలమ నీళ్లే దిక్కు. గోదావరికి దగ్గర్లోనే ఇలా ఉంది.

గోదావరి: ఒక ఏడాదిలో రెండు నదులు

నీరు పునరుత్పాదకమే. కానీ అది ఏడాది పొడవునా ఒకేలా రాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు, అదే రికార్డు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మే నెలలో అదే వంతెన మీద నుంచి చూస్తే ఇసుక తిన్నెల మధ్య పాయలు కనిపిస్తాయి.

ఈ ఒక్క నీటి మీద ఎన్ని కళ్లున్నాయో చూడండి. పేపర్ మిల్లు, మణుగూరు దగ్గరి 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం, ఉమ్మడి ఖమ్మం పొలాలకు నీళ్లెత్తే సీతారామ ప్రాజెక్టు, దిగువన పోలవరం. అశ్వాపురంలో భారజల కర్మాగారం కూడా ఉంది. నీటిలోని హైడ్రోజన్‌లో దాదాపు ఏడు వేల పరమాణువులకు ఒకటి బరువైనది ఉంటుంది. దాన్ని వేరు చేసి అణు రియాక్టర్లకు పంపుతారు.

పోలవరం ముంపు కోసం 2014లో ఉమ్మడి ఖమ్మంలోని ఏడు మండలాలను, కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న ఊళ్లు వెళ్లిపోయాయి. పట్టణం చెత్త వేయడానికి కూడా స్థలం వెతుక్కునే పరిస్థితి వచ్చింది. ఏటపాక, కన్నాయిగూడెం, పురుషోత్తపట్నం, గుండాల, పిచుకలపాడు తిరిగి ఇవ్వాలన్న డిమాండ్ అందుకే. ఒక నది వనరు కోసం గీత గీస్తే, చెత్తబుట్ట దాకా దాని ప్రభావం వచ్చింది.

ఇసుక ఏ కోవలోకి వస్తుంది?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ప్రతి వరదకూ నది కొత్త ఇసుక తెస్తుంది, ఆ లెక్కన తిరిగొచ్చేదే. కానీ ఎగువన కట్టిన ఆనకట్టలు, బ్యారేజీల వెనక ఇసుక ఆగిపోతుంది. తెచ్చేదానికన్నా లారీలు తీసుకెళ్లేది ఎక్కువైతే నది అడుగు కిందకు దిగుతుంది, ఒడ్డున బోర్లలో నీళ్లు తగ్గుతాయి. ప్రపంచం ఏటా వాడే ఇసుక, కంకర సుమారు 5 వేల కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో చెప్పింది. నీటి తర్వాత మనిషి ఎక్కువగా వాడే వనరు ఇదే. ఎడారి ఇసుక గాలికి నునుపెక్కిపోయి సిమెంటుతో సరిగా పట్టదు, అందుకే అందరి చూపూ నదుల మీదే.

షెడ్యూల్డ్ ప్రాంతంలో ఇసుక తవ్వకానికి గ్రామసభ, పంచాయతీ ముందస్తు సిఫార్సు పెసా ప్రకారం తప్పనిసరి. రీచ్‌లు స్థానిక గిరిజన సొసైటీల పేరు మీద నడుస్తాయి, అమ్మకం రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ చూస్తుంది. సొసైటీ పేరు గిరిజనులది, యంత్రాలు, లారీలు, లాభం ఇంకొకరివి అన్న ఫిర్యాదు ఏజెన్సీలో తరచూ వినిపిస్తుంది. సభ్యులు అడిగి చూడాల్సినవి సొసైటీ పాసుపుస్తకం, తీర్మానాల పుస్తకం. మీ సంతకంతో ఏ తీర్మానం జరిగిందో మీకు తెలియాలి.

బొగ్గు డబ్బులో ఊరి వాటా

తిరిగి రాని వనరు విషయంలో న్యాయం మరింత కఠినంగా ఉండాలి. ఎందుకంటే రెండో అవకాశం లేదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇక్కడ మొదటి మైలురాయి. విశాఖ ఏజెన్సీలో వచ్చిన ఆ కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థలకు ఆ అడ్డంకి లేదు. సింగరేణి ప్రభుత్వ కంపెనీ కాబట్టి తవ్వగలుగుతోంది.

రెండోది 2015లో గనుల చట్టానికి చేసిన సవరణ. దాని ప్రకారం ప్రతి గనుల జిల్లాలో ఒక జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టు ఉండాలి. వాడుకలో డీఎంఎఫ్ అంటారు. గని యజమాని ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా ఈ నిధికి కట్టాలి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో వచ్చినవైతే 10 శాతం. లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ. టన్ను బొగ్గు ధర 3 వేల రూపాయలు అనుకుందాం. రాయల్టీ 14 శాతం, అంటే 420. పాత లీజు అయితే అందులో 30 శాతం, 126 రూపాయలు డీఎంఎఫ్‌కు. ఊరి పక్క నుంచి వెళ్లే బొగ్గు లారీలో పాతిక టన్నులుంటే, ఆ ఒక్క లోడు మీద మూడు వేల రూపాయలకు పైగా గని ప్రభావిత ప్రజల కోసమని లెక్క.

ఆ డబ్బు దేనికి ఖర్చు చేయాలో కూడా నిబంధనల్లో ఉంది. తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం, మహిళా శిశు సంక్షేమం, పారిశుధ్యం, ఉపాధి శిక్షణ లాంటి ముఖ్యమైన పనులకు మొదట కనీసం 60 శాతం అన్నారు, 2024లో దాన్ని 70 శాతానికి పెంచారు. గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని నేరుగా ప్రభావితమైనదిగా లెక్కిస్తారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో అయితే పనుల ప్రణాళికకు గ్రామసభ ఆమోదం ఉండాలి. ఏడాది ముగిశాక ఏం చేశారో అదే గ్రామసభకు చెప్పాలి.

మణుగూరులోనో, సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ పక్కనో ఉండే మీ ఊళ్లో గత ఏడాది గ్రామసభలో డీఎంఎఫ్ మాట వచ్చిందా? రాకపోతే అడిగే దారి ఉంది. కలెక్టరేట్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవారికి అదీ లేదు. జవాబుకు 30 రోజుల గడువు. గత మూడేళ్లలో జిల్లా నిధికి వచ్చిన మొత్తం, మీ మండలానికి మంజూరైన పనుల జాబితా, మీ పంచాయతీ గ్రామసభ తీర్మానం నకలు. ఈ మూడూ విడివిడిగా, స్పష్టంగా అడగండి. 'డీఎంఎఫ్ వివరాలు ఇవ్వండి' అని ఒక్క లైను రాస్తే, ఒక్క లైను జవాబే వస్తుంది.

గనికి దూరంగా రోడ్డు డివైడర్లకో, ఆఫీసు భవనాలకో ఈ నిధి వెళ్తే అది చిన్న తప్పు కాదు. ఆకు బోనస్ ఒక ఏడాది పోతే, పక్క ఏడాది మళ్లీ ఆకు వస్తుంది. బొగ్గు మీద వచ్చిన రూపాయి పోతే, ఆ రూపాయిని తెచ్చిన టన్ను బొగ్గు కూడా పోయింది.

బొగ్గు అయిపోయిన ఊరు ఎలా ఉంటుంది?

ఊహించుకోనక్కర్లేదు, ఇల్లెందు ఉంది. పాతవాళ్లు దీన్ని బొగ్గుట్ట అంటారు. సింగరేణి పుట్టిన ఊరు ఇదే. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాక ఉద్యోగాలు, కుటుంబాలు మణుగూరుకో, రామగుండానికో, భూపాలపల్లికో తరలిపోయాయి. ఓపెన్‌కాస్ట్ వచ్చినా అందులో యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. పాల్వంచలోనూ కాలం చెల్లిన పాత యూనిట్లను ఆపేసి, 2024 ఆగస్టులో వాటి కూలింగ్ టవర్లను పేల్చి కూల్చారు. 2018 చివర్లో వచ్చిన కొత్త 800 మెగావాట్ల యూనిట్ నడుస్తోంది. అది పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు పది వేల టన్నులకు పైగా బొగ్గు కావాలి.

2024 డీఎంఎఫ్ మార్గదర్శకాల్లో పెద్దగా ఎవరూ మాట్లాడని ఒక అంశం ఉంది. ఏటా 10 కోట్లు, ఆపైన వసూలయ్యే జిల్లాలు, వచ్చిన దానిలో 10 శాతం మించకుండా శాశ్వత నిధిగా పక్కన పెట్టుకోవచ్చు. గనులు మూతపడ్డ ప్రాంతాల్లో జీవనోపాధి కోసం. కొత్తగూడెంలో ఇలాంటి నిధి ఎంత ఉంది, ఇల్లెందుకు అందులో ఏం వస్తుంది అన్నవి జిల్లా ప్రజాప్రతినిధులను అడగదగ్గ ప్రశ్నలు. ట్రస్టు పాలక మండలిలో వాళ్లూ ఉంటారు.

సింగరేణి కూడా బొగ్గు తర్వాత ఏమిటన్నది చూస్తోంది. మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెంలో సోలార్ ప్లాంట్లు పెట్టింది. సోలార్ పలకలకు వందల ఎకరాలు కావాలి, వాటిని తుడిచి కాపలా కాయడానికి మాత్రం కొద్దిమంది చాలు. కరెంటు తిరిగొచ్చే వనరు నుంచి వస్తుంది కానీ, గనిలో దిగిన వేలమంది ఉద్యోగాలు దానితో తిరిగి రావు.

మణుగూరు మండలం పగిడేరులో ఇంకో ప్రయత్నం జరిగింది. బొగ్గు కోసం వేసిన బోర్ల నుంచి అక్కడ వేడి నీళ్లు వాటంతటవే పైకి ఉబికి వస్తాయి. ఏళ్లుగా అవి పొలాల్లోకి పారుతూ ఉండేవి. భూమి లోపలి ఆ వేడితో కరెంటు తీసే ప్రయోగాత్మక ప్లాంటును సింగరేణి అక్కడ పెట్టింది. దాని సామర్థ్యం 20 కిలోవాట్లు.